ఊపిరిదొంగ

ముప్పై ఏళ్ళ కిందట, రైల్వే వర్క్‌షాపు బ్యాండులో మొదటి ట్రంపెట్ కుర్చీ ఎవరిదో తేల్చే రోజున, అరవైమంది చూస్తుండగా బ్యాండు మాస్టారు ఒక మనిషిని దొంగ అన్నాడు. ఆ మనిషి దొంగిలించింది ఊపిరి.

పోటీ చాలా తేలిక. ఒకే ఒక్క స్వరం, తెగకుండా ఎవరు ఎక్కువసేపు పట్టి ఉంచితే కుర్చీ వాళ్ళది. ముందు మాస్టారి బావమరిది లేచాడు. ఇరవైరెండు సెకన్లు పట్టాడు. ఇరవైరెండో సెకనుకి ఆయన మొహం వంకాయ రంగుకి తిరిగి, కళ్ళు బయటికొచ్చి, స్వరం దూడ అరుపులా తెగిపోయింది. తర్వాత చక్రాల షెడ్డులో పనిచేసే ముప్పై రెండేళ్ళవాడు ట్రంపెట్ ఎత్తాడు. నిమిషం దాటింది. నిమిషంన్నర దాటింది. డోలు వాయించేవాడు వాచీ ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. నిమిషం యాభై సెకన్ల దగ్గర మాస్టారు చేతికర్రతో స్టాండు మీద టకటకా కొట్టాడు.

"ఆపు! ముక్కుతో గాలి లాగుతున్నాడు వీడు. ఇది వాయించడం కాదు, జేబులు కొట్టడం. ఊపిరిదొంగ!"

అందరూ విరగబడి నవ్వారు. నవ్వనిది మాస్టారు ఒక్కడే. ఎందుకంటే ఆ విద్య నేర్పింది ఆయనే. బుగ్గల్లో గాలి దాచుకుని, దాన్ని కొద్దికొద్దిగా బయటికి నొక్కుతూ, అదే క్షణంలో ముక్కుతో కొత్త గాలి లాక్కోవడం. గ్లాసుడు నీళ్ళు, ఒక సన్నటి గొట్టం చేతికిచ్చి "బుడగలు ఆగాయా, నా గడప తొక్కకు" అని ఏడాదిపాటు తనింటి వరండాలో కూర్చోబెట్టి నేర్పాడు. అందరితోపాటు నవ్వినవాళ్ళలో తిట్టు తిన్నవాడు కూడా ఉన్నాడు. అది అతని జబ్బు. అవమానం జరిగితే అతనికి ముందు నవ్వొస్తుంది, కోపం తర్వాతి వారం ఎప్పుడో వస్తుంది, అప్పటికి కోప్పడాల్సిన మనుషులు అక్కడ ఉండరు.

కుర్చీ బావమరిదికి వెళ్ళింది. బావమరుదులు ఎక్కడైనా అంతే, వాళ్ళకి కుర్చీలు ముందు పుట్టి ఆ తర్వాత వాళ్ళు పుడతారు.

మంచిపేరు రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది, చెడ్డపేరుకి మధ్యాహ్నం క్యాంటీను గంట మోగేదాకా చాలు. "ఏరా దొంగా, ఇవాళ ఎంత గాలి కొట్టేశావ్?" అని అన్నం పళ్ళేల మీంచి అరిచేవాళ్ళు. వర్క్‌షాపులో అతని అసలు పేరు హాజరుపట్టీకి మాత్రమే గుర్తుండిపోయింది. రెండో కుర్చీలో కూర్చుని ఇరవై ఎనిమిదేళ్ళు వాయించాడు. బావమరిదికి ఊపిరి చాలనిచోటల్లా వెనకనుంచి అందుకుని స్వరం నిలబెట్టేవాడు. చప్పట్లు ముందు కుర్చీకి వెళ్ళేవి.

మాస్టారు రిటైరయ్యాక స్టేషన్ వెనక సందులో వాయిద్యాలు బాగుచేసే కొట్టు పెట్టాడు. ఊరంతటికీ అదొక్కటే కొట్టు. ట్రంపెట్ చెడితే ఊపిరిదొంగ అక్కడికే పోవాలి. పోయేవాడు కూడా. కానీ ఆ పోటీ రోజునుంచీ వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. బల్లమీద ట్రంపెట్‌ని పడుకోబెట్టి, దానితో మాట్లాడేవాళ్ళు.

"మూడో మీట అంటుకుపోతోందని చెప్పవే," అనేవాడు అతను ట్రంపెట్‌తో.

"నూనె చూపించకపోతే అంటుకోక నాట్యం చేస్తుందా అని అడుగు," అనేవాడు మాస్టారు దాని గొట్టంలోకి తొంగిచూస్తూ.

"నూనె వేశానని చెప్పు."

"ఏ నూనె? పోపులోదా? అడుగు."

ఇలా ఏళ్ళకి ఏళ్ళు. ఆ ట్రంపెట్‌కి నోరుంటే ఇద్దరినీ నాలుగు తన్నేది.

అతనికి యాభై తొమ్మిదో ఏట ఎడమ కిడ్నీలో గడ్డ బయటపడింది. కోసి తీసేశారు. ఏడాది తిరక్కుండా ఊపిరితిత్తుల్లో మచ్చలొచ్చాయి. అప్పుడు మొదలుపెట్టారు, రోజూ ఒక మాత్ర, కొన్ని వారాలకోసారి నరంలోకి ఎక్కించే మందు. మాత్ర గడ్డలకి రక్తం అందకుండా చేస్తుందనీ, ఎక్కించే మందు ఒంట్లో నిద్రపోతున్న కాపలావాళ్ళని లేపుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. మచ్చలు కరగడం మొదలయ్యాయి. కానీ మొదటి రెండు నెలలు మాత్ర అతని నోరంతా పుండు చేసింది. పెదవులు పగిలి, మంచినీళ్ళు కూడా మండేవి. ట్రంపెట్ వాయించేవాడికి పెదవులంటే ఏమిటో డాక్టరమ్మకి అర్థమవడానికి అతను కాగితం మీద బొమ్మ వేసి మరీ చూపించాల్సి వచ్చింది. మోతాదు తగ్గించారు. పెదవులు మానాయి. అయినా మచ్చలు కరుగుతూనే ఉన్నాయి. ఆ వారం అతను మేడమీద బట్టలారేసే తీగల మధ్య నిలబడి వాయిస్తుంటే కింద వీధిలో పాలవాడు సైకిలు దిగి విన్నాడు.

రెండేళ్ళు గడిచాయి. తర్వాతి స్కాన్‌లో మిగతావన్నీ అణిగే ఉన్నాయిగానీ రెండు మచ్చలు మాత్రం పెరిగాయి. ఒకటి కుడి ఊపిరితిత్తి అడుగు అంచున. ఇంకొకటి మిగిలిన ఒక్క కిడ్నీకి టోపీలా ఉండే చిన్న గ్రంథిమీద.

"ఈ రెంటికోసం మందు మార్చొచ్చు," అంది డాక్టరమ్మ. "కానీ తర్వాతి మాత్ర నోటికి ఇంకా గట్టిది."

"ఇంకా అంటే?"

"మీ ట్రంపెట్ సంగతి నేనేం మాటివ్వలేను."

పక్కన కూర్చున్న భార్య సంచీ పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. అతనికి నవ్వొచ్చింది. రావాల్సిన సమయం కాకపోయినా వచ్చింది.

"అమ్మా, బ్యాండులో నలభైమందీ బాగా వాయిస్తున్నారు, ఇద్దరు మాత్రం శ్రుతి తప్పారు. ఆ ఇద్దరికోసం మాస్టార్నే మార్చేస్తామా? ఆ ఇద్దర్నీ లేపి బయటికి పంపాలి గాని!"

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "నేను చెప్పబోయేది సరిగ్గా అదే. మందు మార్చం. ఆ రెండు మచ్చల మీదికే గురిపెట్టి రేడియేషన్ ఇస్తాం. పెద్ద మోతాదు, ఐదంటే ఐదు రోజులు. ఆ రోజుల్లో మాత్ర ఆపుతారు, అయ్యాక మళ్ళీ ఇదే మాత్ర. కొందరికి ఇలా చేస్తే పాత మందే ఇంకా చాలాకాలం పనిచేసింది. అందరికీ చేస్తుందని నేననను."

"చెయ్యకపోతే?"

"అప్పుడు తర్వాతి మాత్ర."

అంటే ఆ రెండు మచ్చలూ నోరు మూసుకుంటే అతని పెదవులు నిలుస్తాయి. లేదంటే లేదు. ఇంటికొచ్చేదాకా బస్సులో భార్య వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. దిగేముందు, "నలభైమందా? మీ బ్యాండులో ఉన్నది ఇరవై ఆరుగురు. డాక్టర్ల దగ్గర కూడా కోతలేనా?" అంది. అది విని అతనికి ధైర్యం వచ్చింది.

కొలతల రోజున టెక్నీషియన్ అమ్మాయి అతన్ని పూసలు నింపిన పెద్ద సంచీ మీద పడుకోబెట్టి, సంచీలోంచి గాలి లాగేసింది. సంచీ అతని ఒంటి అచ్చులో రాయిలా గట్టిపడింది.

"ఏమ్మాయ్, ఇక్కడ మీరు కూడా గాలి దొంగిలిస్తారా?"

"ఏమిటి బాబాయ్‌గారూ?"

"ఏం లేదులే. మా కులవృత్తి అది."

ఆమె విషయం చెప్పింది. మనం ఊపిరి తీస్తే లోపల మచ్చలు కూడా పైకీ కిందికీ కదులుతాయి. కదిలేదాన్ని గురిచూసి కొట్టలేం. కాబట్టి ఊపిరి బిగపట్టాలి. కళ్ళముందు చిన్న తెర ఉంటుంది, దానిమీద పచ్చ పట్టీ. గాలి పీలిస్తే తెల్లగీత లేచి పట్టీలోకి వస్తుంది. గీత పట్టీలో కదలకుండా ఉన్నంతసేపే కిరణాలు వస్తాయి, బయటికి పోతే మిషన్ దానంతటదే ఆగిపోతుంది. ఆ రోజు పన్నెండేసి సెకన్లు పట్టమంది. బుద్ధిగా పట్టాడు. "అసలు రోజున ఇరవైరెండు పట్టాలి, పడతారా?" అని అడిగింది.

అతను ఆ అంకె విని ఎంత గట్టిగా నవ్వాడంటే తెల్లగీత తెర దాటి పోయింది.

"ఇరవైరెండా! అమ్మాయ్, నీ డ్యూటీ అయ్యేదాకా పడతాను."

అక్కడే తప్పు జరిగింది. ఇంటికొచ్చి ఆలోచించాడు. ఇరవైరెండు సెకన్లు, మళ్ళీ విడవడం, మళ్ళీ ఇరవైరెండు... ఇలా ఎన్నిసార్లు! ఒక్క ఊపిరిలో పని మొత్తం ముగించేస్తే? ప్రపంచంలో ఏ రోగీ చెయ్యని పని. ఆ అమ్మాయి నోరెళ్ళబెట్టాలి. డాక్టరమ్మ పరుగెత్తుకురావాలి. మొదటి కుర్చీ దక్కనివాడికి ముసలితనంలో కూడా ఇలాంటి కలలొస్తాయి.

మొదటిరోజు బల్లమీద చేతులు తలవెనక్కి పెట్టుకుని పడుకున్నాడు. కిరణాలు వదిలేముందు వరసగా మూడు ఊపిరులు సరిగ్గా పట్టి చూపించాలి. "పీల్చండి... ఆపండి," అంది అవతలి గదిలోంచి అమ్మాయి గొంతు. పీల్చాడు. గీత పచ్చ పట్టీలోకి వచ్చింది. బుగ్గల్లో గాలి సర్దాడు. పన్నెండో సెకను దగ్గర, ముప్పై ఏళ్ళుగా ఎవరూ పసిగట్టలేనంత మెత్తగా, ముక్కుతో ఒక్క గుటక లాగాడు.

గీత టక్కున పట్టీ దాటింది. గంట మోగింది.

మళ్ళీ. గంట. మళ్ళీ. గంట. ఐదుసార్లయ్యాక అమ్మాయి లోపలికొచ్చి అతని పొట్టమీద పెట్టిన, ఊపిరి కదలికని తెరమీద గీతగా చూపించే చిన్న డబ్బాని సర్దింది. ఎనిమిదోసారికి మిషన్ లెక్కలు చూసే ఆయనొచ్చి బల్లకింద దూరాడు. తొమ్మిదోసారికి ఇంకో ఇద్దరు వచ్చి మిషన్ని అత్తగారిని చూసినట్టు అనుమానంగా చూశారు. బయట వరండాలో మిగతా రోగులు గోడ గడియారాన్నీ ఒకళ్ళనొకళ్ళూ చూసుకుంటున్నారు. పదకొండోసారి ఆ అమ్మాయి తెర మీది గీతని వదిలేసి, అతని మొహం కనిపించే కెమెరాకేసి చూసింది. బుగ్గలు రెండూ కప్పలా ఉబ్బి ఉన్నాయి. ముక్కుపుటాలు కుందేలువిలా అదిరాయి.

"బాబాయ్‌గారూ!" అంది స్పీకర్లో. "మీరు ముక్కుతో గాలి తీసుకుంటున్నారు!"

అతను ఉబ్బిన బుగ్గల్ని మెల్లగా దించాడు.

"ఇక్కడ మేం మిషన్ విప్పేస్తున్నాం! ఆయన బల్లకింద దూరి మోకాలు కొట్టుకున్నారు!"

ముప్పై ఏళ్ళలో మొదటిసారి అతను నిజంగా దొంగతనం చేసి నిజంగా దొరికిపోయాడు. ఇక నవ్వు ఆగలేదు. పొట్ట ఎగిరింది, డబ్బా దొర్లి కిందపడింది, రాయిలాంటి సంచీ కూడా కదిలింది. మోకాలు కొట్టుకున్నాయన ముందు కోపంగా చూసి, తర్వాత ఆయనా నవ్వేశాడు. అవతలి గదిలో ఆ అమ్మాయి మైకు కట్టెయ్యడం మర్చిపోయి నవ్వుతోంటే, ఆ నవ్వు గది నాలుగుమూలలా వినిపించింది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ గీత దాటింది మూడు మిల్లీమీటర్లు. ఆ గ్రంథి పక్కనే పేగు ఉంది. మిషన్ ఊరుకోలేదు కాబట్టి మీరిక్కడ నవ్వుతున్నారు. ఇప్పుడు మామూలుగా పట్టి చూపించండి."

పట్టాడు. ఈసారి నిజాయితీగా. పన్నెండో సెకను, పదమూడు... ముక్కు దానంతటదే లాగేసింది. గంట. మళ్ళీ పట్టాడు. పళ్ళు బిగించాడు, బుగ్గలు లోపలికి లాక్కున్నాడు. పద్నాలుగో సెకనుకి ముక్కు అతన్ని అడక్కుండానే గాలి తెచ్చేసుకుంది. అప్పుడు అతనికి నవ్వు ఆగింది. ఊపిరి ఆపడం అతనికి చేతకావడం లేదు. ఆగకుండా ఉండడం ఒక్కటే ఒళ్ళంతా నేర్చేసుకుంది.

"ఇంకో దారి ఉంది," అంది డాక్టరమ్మ. "పొట్టమీద బెల్టు బిగించి, మీరు ఊపిరి తీస్తుండగానే ఇవ్వడం. కానీ పేగు అంత దగ్గరగా ఉన్నప్పుడు ధైర్యంగా పూర్తి మోతాదు ఇవ్వలేకపోవచ్చు. సోమవారం రండి. ఆ రోజూ నిలవకపోతే బెల్టే."

మూడురోజులు. మోతాదు తగ్గితే మచ్చలు బతుకుతాయి, మచ్చలు బతికితే మాత్ర మారుతుంది, మాత్ర మారితే పెదవులు పోతాయి. ఇంట్లో భార్య చేతిలో వాచీ పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. "పదమూడు... లాగేశారు. మళ్ళీ. పద్నాలుగు... లాగేశారు. ఏమండీ, నేను తిడుతున్నప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టుకుని గంటసేపు కూర్చుంటారే!"

"అప్పుడు కూడా లాగుతూనే ఉంటానే. నీకు తెలీదు."

"ముప్పై ఐదేళ్ళు కాపురం చేశాను దొంగతో," అని ఆవిడ వాచీ బల్లమీద పెట్టేసింది. కళ్ళు మాత్రం దానిమీంచి తియ్యలేదు. అలాగే చూస్తూ అంది, "నేర్పిన మనిషి బతికే ఉన్నాడుగా. మాన్పించమనండి."

శనివారం పొద్దున అతను ట్రంపెట్ పెట్టె పట్టుకుని స్టేషన్ వెనక సందుకి వెళ్ళాడు. మాస్టారికి ఎనభై దాటాయి. కళ్ళజోడు నుదుటిమీదకి తోసుకుని ఒక క్లారినెట్‌కి రంధ్రాలు మూసే మెత్తలు అంటిస్తున్నాడు. అతను ట్రంపెట్‌ని బల్లమీద పడుకోబెట్టాడు.

"అడగవే," అన్నాడు ట్రంపెట్‌తో. "ముక్కు ఆగకుండా చెయ్యడం నేర్పినవాళ్ళకి, ఆపడం కూడా తెలుసా అని."

మాస్టారు మెత్త అంటించడం ఆపాడు. ట్రంపెట్ గొట్టంలోకి చాలాసేపు చూశాడు. "ఎందుకూ అని అడుగు."

అతను ట్రంపెట్‌కి అంతా చెప్పాడు. పచ్చ పట్టీ, గీత, పేగు, మాత్ర, పెదవులు. పదకొండుసార్లు గంట మోగడం, మోకాలు కొట్టుకున్నాయన సంగతీ కూడా వదల్లేదు. మోకాలి దగ్గర మాస్టారి భుజాలు అదిరాయి గాని, మొహం మాత్రం ట్రంపెట్‌కేసే ఉంది.

"ముక్కుకి బుద్ధి చెప్పడం ఎవడివల్లా కాదని చెప్పు," అన్నాడు చివరికి. "తలుపే మూసెయ్యాలి."

సొరుగు లాగి, మెత్తలు అంటుకునేదాకా బిగించి ఉంచే చిన్న చెక్క క్లిప్పు ఒకటి తీశాడు. రెండు దవడలకీ కొత్త ఉన్నిగుడ్డ కత్తిరించి అంటించాడు. తన ముక్కుకే పెట్టుకుని చూసి, గొంతు బాతులా మారగానే "సరిపోయింది" అన్నాడు. క్లిప్పుని ట్రంపెట్ పెట్టెలో పెట్టి మూతవేశాడు. ఆ పూటకి వాళ్ళ మాటలు అంతే.

శనివారం సాయంత్రానికి పదిహేడు సెకన్లు. ఆదివారం పొద్దున ఇరవై. ముక్కుకి దారి దొరక్క ముందు గింజుకుంది, తర్వాత అలిగింది, తర్వాత మరిచిపోయింది. ఆదివారం భోజనాలయ్యాక ఇరవైమూడు. భార్య వాచీ పట్టుకుని గదంతా గంతులేస్తే, కింద వాటాలో ఉన్నవాళ్ళు కప్పు కూలుతోందనుకుని చీపురుకర్రతో కొట్టారు.

సోమవారం అతను ఆ క్లిప్పు తీసి చూపించగానే టెక్నీషియన్ అమ్మాయి ముక్కుమీద వేలేసుకుంది. "బాబాయ్‌గారూ, మా దగ్గర శుభ్రమైన రబ్బరుది ఉంది కదా! ఆ రోజే అడగాల్సింది!"

"ఆ రోజు నువ్వు నవ్వుతున్నావ్, నేను నవ్వుతున్నాను. అడిగేదెవరు?"

రబ్బరుదే పెట్టింది. చెక్కది చొక్కా జేబులో, తలుపు పక్క కొక్కానికి వేలాడింది. గీత లేచింది, పచ్చ పట్టీలోకి వచ్చింది, గోడకి కొట్టిన మేకులా నిలబడింది. ఇరవైరెండు. విడిచాడు. మళ్ళీ ఇరవైరెండు. ఎక్కడో తలవెనక మిషన్ తుమ్మెదలా ఝుమ్మంది. రోజు విడిచి రోజు, ఐదు రోజులు. ఒక్కసారి కూడా గంట మోగలేదు. చివరిరోజు మోకాలాయన కూడా వచ్చి చెయ్యి కలిపాడు. తర్వాత పదిరోజులు ఒంట్లో ఓపిక లేక, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. తర్వాత పాత మాత్రే మళ్ళీ మొదలుపెట్టాడు.

మూడునెలలకి స్కాన్. డాక్టరమ్మ తెర తిప్పి చూపించింది. ఊపిరితిత్తి మచ్చ సగమైంది. గ్రంథిమీదిది చిన్నదవలేదుగాని పెరగనూ లేదు. కొత్తవి లేవు.

"మాత్ర?" అంది భార్య.

"ఇదే. మళ్ళీ మూడునెలలకి చూద్దాం. అంతకుమించి నేనేం చెప్పను."

"అంతకుమించి మేం అడగం," అన్నాడతను. ఆసుపత్రి వాకిట్లోనే పెట్టె విప్పాడు. నిమిషం దాటింది, నిమిషంన్నర దాటింది. గేటు దగ్గర కాపలావాడు "ఇక్కడ వాయించకూడదు" అని బోర్డు చూపిస్తూ వచ్చి, దగ్గరికొచ్చాక వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముక్కు తన పని తాను చేసుకుంటోంది. భార్య జనాన్ని చూసి చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, అయినా ఒక్క అడుగు పక్కకి జరగలేదు.

అక్కణ్ణుంచి అతను నేరుగా స్టేషన్ వెనక సందుకి వెళ్ళాడు. చెక్క క్లిప్పుని బల్లమీద పెట్టాడు. ట్రంపెట్‌ని పెట్టెలోంచి తియ్యలేదు. మాస్టారు దానికోసం వెతికాడు. మాట్లాడ్డానికి బల్లమీద ఏమీ కనిపించక, చివరికి కళ్ళజోడు కిందికి దించుకుని మనిషికేసే చూశాడు.

"ఏమన్నార్రా?"

"ఇదే మాత్రట. ప్రస్తుతానికి."

మాస్టారు క్లిప్పుని చేతిలోకి తీసుకుని నొక్కాడు, వదిలాడు. "ఆ రోజు నేను నిన్ను..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. క్లిప్పుని మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వదిలాడు.

అతనికి నవ్వొచ్చింది. పెట్టె చంకన పెట్టుకుని గడప దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"మీరు తొందరపడ్డారు మాస్టారూ. నేను దొంగతనం చేసింది మూడునెలల కిందట. పదకొండుసార్లు చేశాను, పదకొండుసార్లూ దొరికిపోయాను. అక్కడ అడిగేది ఇరవైరెండు సెకన్లు, అదీ వంకాయలా మొహం పెట్టి కదలకుండా. ఆ గదిలో అయితే, మొదటి కుర్చీ మీ బావమరిదిదే."